షుగర్ లేని ముప్ఫై మంది కోసం ఎనిమిది రోజులు

ఈ ప్రయాణం గురించి మెట్‌పల్లి బజారులో ఇప్పటికే మూడు రకాలుగా చెప్పాను. మొదటి దాంట్లో కెరమెరి ఘాట్ మలుపులో మా బస్సుకు పులి అడ్డం వచ్చింది. రెండో దాంట్లో ఆ పులి ముందరి కాలు చాపి బీపీ చూపించుకుంది. మూడోది అందరి ముందు చెప్పేది కాదు. ఇది నాలుగోది. అచ్చుకు పంపే ముందు నా మేనకోడలు విమల చదివి సరేనంటేనే పంపాలన్న షరతు మీద రాస్తున్నాను కాబట్టి ఇందులో పులి లేదు. ఆ నష్టానికి నన్ను తిట్టుకోకండి.

విమల మా అక్క బిడ్డ. పట్నంలో పెద్ద డాక్టరు చదువు చదువుతోంది. ఆ చదువు చివర ఒక పుస్తకం రాసి ఇవ్వాలట. దానికి షుగర్ ఉన్నవాళ్ళు ముప్ఫై మంది, లేనివాళ్ళు ముప్ఫై మంది కావాలి. ఉన్న ప్రతి మనిషికీ లేని మనిషి ఒకడు జత. ఈడు కలవాలి, ఆడకు ఆడ, మగకు మగ. బజారులో కూర్చుని బతికేవాళ్ళకు అలాంటివాళ్ళే జత కావాలి, మట్టి మోసేవాళ్ళు పనికిరారు. అందరికీ నడుము చుట్టుకొలత, బరువు, బీపీ, రక్తంలో కొవ్వు చూడాలి.

ఎందుకే అంటే ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. షుగర్, బీపీ, పొట్ట, రక్తంలో కొవ్వు, ఈ నాలుగూ ఎవరికి వారు తిరిగే దొంగలు కారట, ఒకే ముఠా అట. షుగర్ దొరికిన ఇంట్లో మిగతా ముగ్గురూ ఉంటారని డాక్టర్లకు తెలుసు. షుగర్ ఇంకా రాని ఇంట్లో కూడా ఆ ముగ్గురూ ముందే వచ్చి మంచం వేసుకున్నారా అన్నది ఆమె ప్రశ్న.

ఆ పుస్తకం చూసే సారు ఎనిమిది రోజులు గడువిచ్చాడు. ఒక్క మనిషి తక్కువైనా పుస్తకం తీసుకోనని, ఇంకో ఏడాది కూర్చోవాల్సిందేనని చెప్పి పంపాడు. ఆడపిల్ల నాలుగు పెట్టెలు మోసుకుని అడవి దారిన ఒంటరిగా ఎలా పోతుందని మా అక్క నన్ను తోడు తగిలించింది. నేను పాతికేళ్ళుగా పసుపు అడ్తి, అదే కమీషన్ దుకాణం, నడుపుతున్నవాణ్ణి. తడిసిన పసుపును ఎండు పసుపని కొన్నవాళ్ళు నా మాటకే కొన్నారు. "షుగర్ లేనోళ్ళను తెచ్చుడు నా జిమ్మ" అని అక్క ముందు రొమ్ము చరుచుకున్నాను. ఆ చరుపు ఇప్పటికీ నొప్పి పెడుతోంది.

మెట్‌పల్లి: నిలబడని మనుషులు

షుగర్ ఉన్నవాళ్ళకు కొదవ లేదు. పొద్దున్నే మా అడ్తి ముందు బల్ల వేసిన గంటలో వరుస కట్టారు. మా ఊళ్ళో షుగర్ ఒక హోదా. కూలివాడికి రాదు, బుల్లెట్ బండి ఉన్నవాడికి వస్తుందని నమ్మకం. వరుసలో నిలబడే ఒకరికొకరు అంకెలు చెప్పుకున్నారు. ఒకాయన తనది రెండు వందల ఎనభై అన్నాడు. వెనకాయన నవ్వి, గంతేనా, నాది పోయినేడే మూడు వందలు దాటింది అన్నాడు. ఇంకొకాయన చెప్పు విప్పి బొటనవేలు చూపించబోతే విమల వద్దని చెప్పింది. ఆ మధ్యాహ్నానికే ముప్ఫై నిండాయి. ముప్ఫై ఒకటో మనిషిని వెనక్కి పంపితే కోపం వచ్చి, తనకు పదేళ్ళ నుంచి ఉందని, నిన్న మొన్న వచ్చినవాళ్ళను తీసుకుని పాతవాళ్ళను పక్కన పెట్టడం అన్యాయమని నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు.

షుగర్ లేనివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

బట్టల దుకాణం గంగాధర్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. షుగర్ లేదు, పొట్ట ఉంది, సరిగ్గా కావలసిన మనిషి. చెయ్యి పట్టి లాగితే ఎద్దు మొరాయించినట్టు మొరాయించాడు.

"నా కొడుక్కు పిల్లను చూస్తున్నం పటేలా. ఇయ్యాల నీ కోడలు ముంగట నిలబడితే, రేపు పొద్దుగాలకల్ల గంగాధర్‌కు కాలు తీసేసిన్రంట అని చెప్పుకుంటరు."

షుగర్ లేదని రాసే కాగితమయ్యా అది, అన్నాను. కాగితం ఎవరు చదువుతరు, వరుసల నిలబడ్డది చూస్తరు, అన్నాడు. మా బజారు సంగతి మా బజారుకే తెలుసు. కిరాణా సేటు దుబాయి వీసాకు అడ్డమొస్తుందన్నాడు. ఒకామె లేని రోగాన్ని వెతుక్కుంటే వస్తుందని పిల్లలను తీసుకుని లోపలికి పోయింది. విమల నవ్వలేదు. ఎవరూ మనను ఎరగని చోటికి పోదాం మామా, అంది. గోదావరి దాటాలని అలా తేలింది.

ఆమె అప్పుడే నన్ను కూడా ఒకసారి పైనుంచి కిందికి చూసింది. నేను పెట్టెలు సర్దే పనిలో పడ్డాను.

సోన్ వంతెన దాటాక

డాక్టర్లతో ప్రయాణం కంటే ఎడ్లతో ప్రయాణం నయం. ఎడ్లు మీరు తినేది చూసి నిట్టూర్చవు. ఆర్మూర్‌లో బస్సు ఆగితే మిర్చి బజ్జీలు తీసుకున్నాను, రూపాయికి రెండు, నూనె పొట్లం దాటి మోచేతికి కారుతోంది. విమల నా పొట్లం వంక చూసి, తన చేతి గడియారం చూసుకుంది. నాకెంత సమయం మిగిలిందో లెక్క వేస్తున్నట్టు అనిపించి రెండోది కిటికీలోంచి మేకకు వేశాను.

మా సామాను ఇది: బరువు తూచే ఇనుప తక్కెడ ఒకటి, బీపీ పెట్టె ఒకటి, కాగితాలు, టేపు, వేలు గుచ్చి షుగర్ చూసే మిషను ఉన్న ట్రంకు ఒకటి, రక్తం గొట్టాలకు మంచు పెట్టె ఒకటి. ఏ రోజు గొట్టాలు ఆ రోజే మంచులో పెట్టి కరీంనగర్ పోయే బస్సులో పంపాలి, అక్కడ ఆమె స్నేహితురాలు అందుకుంటుంది. మంచు కోసం ప్రతి ఊళ్ళో సోడాల దుకాణం వెతకడం నా పని. గడ్డ అయిదు రూపాయలు. సగం దారిలోనే కారిపోయేది. పక్క సీటు ముసలామె పెట్టె కింద తడి చూసి, చేపలా అని అడిగింది. కాదంటే నమ్మలేదు. నిర్మల్ దాకా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

సోన్ వంతెన మీద గోదావరి దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఆ రోజుల్లో ఆ దారిలో అది మామూలే. హవల్దారు పైకెక్కి బీపీ పెట్టె తెరిపించాడు. రబ్బరు గొట్టాలు, బుడ్డ, పాదరసం, గాజు గొట్టం. అతని కళ్ళు చిన్నవయ్యాయి. ఇదేం మిషిన్ అని అడిగాడు. నా నోటికి మంచి జవాబులు నాలుగు వచ్చాయి, నాలుగూ జైలుకు తీసుకుపోయేవే. నేను మొదలుపెట్టకముందే విమల లేచి అతని చేతికి పట్టీ చుట్టి బుడ్డ నొక్కింది. హవల్దారు కదల్లేదు. తుపాకులకు భయపడనివాడు ఆ పాదరసం వైపు చూస్తూ ఊపిరి బిగబట్టాడు.

ఎక్కువగానే ఉందని ఆమె చెబితే, తాను రోజూ కవాతు చేస్తానని, ఎక్కువ ఎలా ఉంటుందని అడిగాడు. రాత్రి డ్యూటీ చేసి అప్పటిదాకా ఏమీ తినలేదని కూడా తెలిసింది. వేలు గుచ్చి చూస్తే, మా అదృష్టానికి షుగర్ లేదు. బెల్టు మీద నుంచి పొట్ట దిగుతోంది. అక్కడే రక్తం తీసింది. మెట్‌పల్లిలో వరుస కట్టిన ఒక పోలీసుకు జతగా, షుగర్ లేనివాళ్ళ పుస్తకంలో మొదటి పేరు అతనిది. ముఠాలో ఇద్దరు పోలీసు ఇంట్లోనే దొరికారని నేనంటే, బస్సులో ఒక్క విమల తప్ప అందరూ నవ్వారు. ఆ తర్వాత బస్సంతా చేతులు చాపింది, కానీ అందరూ తిని ఎక్కినవాళ్ళే. డ్రైవరు హారన్ నొక్కి నొక్కి, చివరికి దిగివచ్చి తనది కూడా చూడమన్నాడు. అతనికి షుగర్ ఉంది, మాకు పనికిరాడు.

పేరు రాయని ఊరు

నిర్మల్ దాటాక ఖానాపూర్ దారిలో ఒక ఊరు. పేరు రాయను. అక్కడివాళ్ళు నా మొహం ఇంకా మరిచిపోయి ఉండరు.

మంచి ఊరు. ప్రతి మూడో ఇంటి మీద కొత్త పెంకు, ప్రతి రెండో ఇంట్లో టేప్ రికార్డరు. మగవాళ్ళు గల్ఫ్ పోయి రావడం, మళ్ళీ పోవడం. సాయంత్రం అరుగుల మీద బనియన్లతో కూర్చున్న నడివయసువాళ్ళను చూస్తే నా ప్రాణం లేచివచ్చింది. ఎన్ని పొట్టలు. వరుసగా కుండలు బోర్లించినట్టు. మక్క గట్కతో పెరిగిన ఒళ్ళు గల్ఫ్ నెయ్యి బిర్యానీకి తిరిగిన తీరు అది. మాకు కావలసిన జతలన్నీ ఆ ఒక్క వీధిలో ఉన్నాయి.

విమల సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ కదల్లేదు. మెట్‌పల్లి జవాబులే, యాస ఒక్కటే తేడా. ఆమె మొహం చిన్నబోయింది. రెండు రోజులు గడిచాయి, లెక్కలో హవల్దారు ఒక్కడే ఉన్నాడు.

అప్పుడు నేను పాన్ డబ్బా దగ్గరికి పోయి, అటూ ఇటూ చూసి, ఎవరికీ చెప్పవద్దని ఒకడికి చెప్పాను. ఈ డాక్టరమ్మ గల్ఫ్ పోయేవాళ్ళకు మెడికల్ పరీక్ష చేసేవాళ్ళ మనిషి అని, ముందుగా ఊళ్ళు తిరిగి షుగర్ లేనివాళ్ళ పేర్లు రాసుకుంటోందని, ఆమె పుస్తకంలో పడ్డవాడికి బొంబాయిలో సగం పని అయిపోయినట్టేనని. ఎల్లుండి పొద్దున పరగడుపున రావాలన్నాను. ఎల్లుండి దాకా ఎందుకంటే, కబురు వీధులన్నీ తిరగాలి కదా.

ఎల్లుండి పొద్దున బడి ముందు వరుస చూసి విమల నా చెయ్యి పట్టుకుంది. ఏం చెప్పినవ్ మామా అని అడిగితే, మనసుకు తగిలేటట్టు చెప్పినా అన్నాను. ఇరవై ఎనిమిది మంది. ఎంత శాంతంగా ఉన్నారంటే ఒక్కడూ బీడీ కూడా ముట్టించలేదు. ఆమె గబగబా కొలతలు తీసింది. ముప్ఫై అంగుళాలు. ఇరవై తొమ్మిది. బీపీలు పసిబిడ్డలకు ఉన్నట్టున్నాయి. ఆమె పెన్ను నెమ్మదించింది. నాకూ ఎక్కడో తేడా కొట్టింది. మొన్న సాయంత్రం అరుగుల మీద చూసిన పొట్టలు ఈ పొద్దున ఎక్కడికి పోయాయి?

అంతలో వరుసలో చివరివాడు, మల్లేశ్ అనే మనిషి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఒళ్ళంతా చెమట, మాట తడబడుతోంది. విమల అతని అంగీ విప్పింది. లోపల తడిపిన తలపాగా రుమాలు, చంక నుంచి బొడ్డు దాకా, గడ్డివాముకు తాడు బిగించినట్టు నాలుగు చుట్లు. వేలు గుచ్చి చూసింది. వెంటనే నా వైపు తిరిగి చక్కెర తెమ్మని అరిచింది. ఆమె అరవడం నేనప్పుడే విన్నాను. చాయ్ హోటలుకు ఉరికి డబ్బాకు డబ్బా ఎత్తుకొచ్చాను. నీళ్ళలో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పెదవుల మధ్య పోసింది. ఆ పది నిమిషాలు నా బతుకులో ఒక్క అబద్ధమూ తట్టని పది నిమిషాలు. అతను కళ్ళు తెరిచి, నా పేరు రాసిన్రా అని అడిగాడు.

అతని తల్లి గంగవ్వ పక్కన కూలబడి చెప్పింది.

"నిన్న పొద్దుగాల్నుంచి కాకరకాయ రసం తప్ప గుటుక్కుమన్లేదమ్మా. అందరూ గంతే. మెడికల్‌కు పోయేటప్పుడు ఏజెంటు గట్లనే చెయ్యమంటడు. వీనికి షుగర్ ఉన్నది, దాచిపెట్టిండు. పుస్తకంల పడాలెనని గోలీలు రెండింతలు మింగిండు."

అదీ సంగతి. ఆ ఊళ్ళో మెడికల్ అంటే ఎలా తయారు కావాలో అందరికీ తెలుసు. ఒక రోజు పస్తు, కాకర రసం, పొట్టకు తడి బట్ట, మాట తక్కువ. ఇరవై ఎనిమిది మంది ఆ పాఠం అప్పజెప్పడానికి వచ్చారు. నేనే పిలిచాను.

విమల వాళ్ళందరికీ నిజం చెప్పింది. తాను గల్ఫ్ మనిషిని కానని, ఈ పుస్తకంతో ఎవరికీ వీసా రాదని. మల్లేశ్ లేచి కూర్చుని అన్నం తినేదాకా కదలలేదు. ఆ గోలీలు ఎలా వేసుకోవాలో, తిండి లేకుండా ఎందుకు వేసుకోవద్దో అతనికీ గంగవ్వకూ రెండు సార్లు చెప్పింది. ఊరివాళ్ళు ఆమెను ఏమీ అనలేదు. నన్ను వెతికారు. నేను ఖానాపూర్ బస్సులో వెనక సీటు కింద మంచు పెట్టె పక్కన ఉన్నాను.

బస్సు కదిలాక ఆమె ట్రంకు తెరిచి ఇరవై ఎనిమిది కాగితాలు తీసి, ఒక్కొక్కదాని మీద అడ్డంగా గీత గీసింది. చివరి గీత గీసి అంది:

"నువ్వు ఒక్క అబద్ధం చెప్తే ఇర్వై ఎనిమిది మంది నడుములు అబద్ధం చెప్పినయ్ మామా. ఒక మనిషి పోతుండె."

ఉట్నూర్: మూడు మాటలు

ఆ రోజు నుంచి నాకు నోరు లేదు. ఆమె ఒక చీటీ మీద మూడు మాటలు రాసిచ్చి, ఇవి తప్ప ఇంకేమీ అనొద్దంది. షుగర్ లేనివాళ్ళు కావాలి. సూది గుచ్చి రక్తం తీస్తాం. మీకు ఏమీ ఇవ్వం.

ఇలాంటి సరుకు ఎవడైనా అమ్మగలడా చెప్పండి. ఉట్నూర్ బస్టాండులో నిలబడి ఈ మూడూ చదువుతుంటే నా నాలుక దురద పెట్టింది. ఒక పెద్దాయన ఆగి శ్రద్ధగా విని, నీకు జీతం ఎవరిస్తరు అని అడిగాడు. ఎవరూ ఇవ్వరంటే, జాలిపడి చాయ్ పోయించాడు. ఆ తర్వాత, ఏమీ ఇవ్వమని చెప్పినవాళ్ళను తన బతుకులో మొదటిసారి చూస్తున్నానంటూ తనే వచ్చి కూర్చున్నాడు. అతని వెంట నలుగురు. రోజంతా అరిస్తే అయిదుగురు. అయిదుగురికీ పొట్టలు అసలువే. మర్నాడు పొద్దున పరగడుపున రమ్మని, విమల వాటి మీద చెయ్యి పెట్టి చూసి మరీ కొలిచి రక్తం తీసింది.

ఈ లెక్కన ముప్ఫై మందికి ఎన్నాళ్ళు పడుతుందో నేను వేళ్ళ మీద లెక్కపెడుతుంటే, వేళ్ళు కూడా కదపొద్దంది.

జైనూర్ అంగడి: బెల్లం

జైనూర్‌లో తెలుగు మెల్లగా మరాఠీలోకి దిగుతుంది. హోటలు నడిపే మారుతి విమలను అక్కా అన్నట్టు తాయి అని, నన్ను బాబాయి అన్నట్టు కాకా అని పిలిచాడు. పొద్దున మనకు సర్వపిండి అయితే వాళ్ళకు అటుకుల పోహా, పైన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మరసం, ప్లేటు రెండు రూపాయలు. మధ్యాహ్నం జొన్న భాకరి, పచ్చిమిరపకాయ దంచిన ఠేచా. మన జొన్న రొట్టెకు అన్న, కాకపోతే ఇంకొంచెం మందం. ఠేచా తిన్నాక ఎక్కిళ్ళు వచ్చి గంటసేపు నా మూడు మాటలు కూడా చెప్పలేకపోయాను. మారుతి మజ్జిగ ఇచ్చి, పని అలవాటు లేని నాలుక అన్నాడు. నా నాలుకను అలా అన్నవాడు అతనొక్కడే.

అది అంగడి రోజు. బట్టలవాళ్ళు, ఉప్పువాళ్ళు, గిన్నెలవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ దుకాణదారులు అందరూ వచ్చారు. మంచి పొట్టలే. మేము మారుతి హోటలు ముందు తక్కెడ దించాము. నేను ఇంకా చీటీ తీయలేదు, ఒక గిన్నెల వ్యాపారి వచ్చి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఎంత అని అడిగాడు. డెబ్బై ఎనిమిది కిలోలు. గొణుక్కుంటూ దిగాడు. వెనక అతని భార్య ఎక్కింది. వాళ్ళ వెనక ఇంకో నలుగురు.

ఏమిటంటే, మేడారం జాతర దగ్గర పడుతోంది. అమ్మవార్లకు మనిషి ఎత్తు బెల్లం మొక్కినవాళ్ళు చాలామంది. ఆ బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. ఎన్ని కిలోలు కొనాలో తేలాలంటే ముందు మనిషిని తూచాలి. అంగడిలో ధాన్యం కాంటా ఉంది, మనిషి నిలబడే తక్కెడ ఎక్కడా లేదు. అది మాతో దిగింది.

నా నోరు ఊరింది. ఆ అమ్మవార్లే డాక్టరమ్మను పంపించారని ఒక్క మాట అంటే చాలు, జైనూరంతా మాదే. విమల నా వైపు చూసింది. నేను చీటీ తీసి మూడు మాటలు చదివాను. తర్వాత ఆమె లేచి తన మాటగా ఒకటి చెప్పింది. తూకం అందరికీ ఊరికే తూస్తానని, మొక్కుకూ తన పనికీ సంబంధం లేదని, ఇష్టమున్నవాళ్ళు మరుసటి పొద్దున ఏమీ తినకుండా, తాగకుండా, మామూలుగా ఎలా ఉంటారో అలాగే రావాలని.

తూకం దగ్గరే వేడుక. మగవాళ్ళు జేబుల్లో నాణేలు తీసి పక్కన పెట్టి ఎక్కారు. గిన్నెల వ్యాపారి భార్య పక్కనున్న గుంజ పట్టుకుని బరువు తేలిక చేసుకోబోతే మొగుడు చెయ్యి విడిపించాడు. ఆమె ఊరుకోలేదు.

"నీ మొక్కుకు నన్నెందుకు తూస్తున్నవ్? నువ్వు తిన్న బెల్లానికి నువ్వే నిలబడు."

ఒక ముసలి దుకాణదారు తన అంకె విని, మొక్కినప్పుడు తాను ఇంత లేనని, అప్పుడు యాభై అయిదు కిలోలేనని, అమ్మవారు ఏ బరువు తీసుకుంటుందని విమలను అడిగాడు. అది తన పుస్తకంలో లేదని ఆమె నిజమే చెప్పింది. కానీ పొట్ట చూపించమంది.

మరుసటి పొద్దున వచ్చినవాళ్ళలో ఈడు, పని కుదిరినవాళ్ళు ఇరవై మూడు మంది తేలారు. ఎవరి పొట్ట వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. ఎవరికీ షుగర్ లేదు గానీ సగం మందికి బీపీ ఉంది, కొందరికి నడుము నా పసుపు బస్తా అంత ఉంది. మాకేం లేదు తాయి, బేస్ ఉన్నం, మంచిగున్నం, అని ఒక్కొక్కరూ నవ్వుతూ కూర్చుని, లేచేటప్పుడు నవ్వకుండా లేచారు. ఆమె ఎవరినీ భయపెట్టలేదు. ఉప్పు తగ్గించమంది, సాయంత్రం నడవమంది, ఉట్నూర్ దవాఖానకు పోయి మళ్ళీ బీపీ చూపించుకోమంది. ఇదంతా ఏమీ ఇవ్వకుండానే జరిగింది. పాతికేళ్ళ అడ్తిలో నేను వృథా చేసిన మాటలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఆసిఫాబాద్: ముప్ఫయ్యో మనిషి

కెరమెరి ఘాట్‌లో పులి కనిపించలేదని ముందే చెప్పాను. కనిపించినవి మలుపులు, రెండు సార్లు వాంతి చేసుకున్న ఒక కండక్టరు. ఆసిఫాబాద్‌లో దిగేసరికి ఏడో రోజు సాయంత్రం. విమల సత్రం గదిలో కాగితాలన్నీ పరిచి కూర్చుంది. ఇరవై తొమ్మిది. మిగిలింది మా మెట్‌పల్లి లింగన్నకు జత. అడ్తి వ్యాపారి, నలభై ఎనిమిది ఏళ్ళు, షుగర్ ఉన్నవాడు. అతని కాగితం పక్కన ఖాళీ జాగా. అదే ఈడు, అదే పని, షుగర్ లేని మగవాడు.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, నాకూ నలభై ఎనిమిదే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆమె మెట్‌పల్లిలో నన్ను చూసిన చూపు నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దున ఆమె లేవకముందే ఏదో ఒకటి తింటూ వచ్చాను. నిర్మల్‌లో పూరి, ఖానాపూర్‌లో అరటిపండ్లు, జైనూర్‌లో పోహా రెండు ప్లేట్లు. పరగడుపు లేనివాడికి రక్తం తీయరు. నాకేమీ లేదని నాకు తెలుసు, తెలుసు కాబట్టి చూసుకోవాల్సిన అవసరం లేదు. గంగాధర్‌ను చూసి నవ్విన నోటితోనే ఈ మాట అనుకున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున ఏమీ తినలేదు. ఆమె అడగనూ లేదు. లేచి మొహం కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. వేలు గుచ్చింది. షుగర్ లేదు. ఒక్క క్షణం నాకు కిరీటం పెట్టినట్టయింది. తర్వాత టేపు చుట్టింది. అంకె చెప్పలేదు, రాసింది. బీపీ చూసింది. పట్టీ విప్పి, కాసేపు ఆగి మళ్ళీ చూసింది. చెయ్యి మార్చి మూడోసారి చూసింది. రాసింది. తక్కెడ ఎక్కితే ముల్లు పోయిన చోటు నేనే చూశాను, అక్కడ నా బెల్లానికి చాలా ఖర్చవుతుంది.

తర్వాత ప్రశ్నలు. ఏం తింటావు, ఎంత నడుస్తావు, బీడీలు ఎన్ని. ఆమె పెన్ను ఆగకుండా నడిచింది. ఆ పైన తల్లిదండ్రుల గడి వచ్చింది.

"తాతకు షుగర్ ఉండెనా మామా?"

"లేకుండె."

"ఎట్ల పోయిండు? ఎలుగుబంటి అని రాయాల్నా?"

మా బాపు కడెం అడవిలో ఎలుగుబంటితో కలబడి, దాన్ని చంపి చనిపోయాడని విమలకు అయిదేళ్ళప్పుడు చెప్పినవాణ్ణి నేనే. ఆమె బడిలో చెప్పుకుంది. మా వాడకట్టు పిల్లలంతా చెప్పుకున్నారు. చెప్పి చెప్పి ఆ ఎలుగుబంటి గోళ్ళు కూడా నాకు కనిపించేవి. ఆమె పెన్ను కాగితం మీద ఆనించి ఉంది. ఆ గడిలో ఏది రాస్తే అది ఆమె పుస్తకంలోకి పోతుంది.

"ఎలుగుబంటి లేదు బిడ్డా. అడ్తి కాడికెళ్ళి వచ్చిండు. కాళ్ళు కడుక్కొని అన్నానికి కూసున్నడు. మొదటి బుక్క నోట్లె పెట్టలే. చెమటలు పట్టినయ్. రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని గోడకు ఒరిగిండు. గంతే."

"పొట్ట ఉండెనా?"

"ఉండె. మస్తు మురిసేటోడు దాన్ని చూసుకొని."

ఆమె రాసుకుంటూనే అడిగింది.

"అమ్మకు ఎరుకనా?"

"మీ అమ్మనే వడ్డిచ్చింది."

ఇన్నేళ్ళలో అక్క ఎన్నడూ నా కథను కాదనలేదు. అంత మనిషి అన్నం ముందు అంత చిన్నగా పోయాడని చెప్పుకోవడం మాకిద్దరికీ చేతకాలేదు.

"ఎన్నేండ్లు?"

"యాభై నిండలే."

ఆమె అప్పుడు తల ఎత్తి నా మొహంలోకి చూసింది. డాక్టరు చూపు కాదు. నా వయసు ఆమె కాగితం మీద పైనే ఉంది. రబ్బరు పట్టీ తీసి నా దండకు బిగించి పిడికిలి పట్టమంది. పట్టాను. గొట్టం నిండాక దాని మీద చీటీ అంటించి ముప్ఫై అని రాసింది. దూదిని తన బొటనవేలితో అదిమి పట్టి చాలాసేపు వదల్లేదు.

మంచు పెట్టె కరీంనగర్ బస్సు దగ్గరికి నేనే మోసుకుపోయాను. డ్రైవరు అనుమానంగా చూసి, ఏముంది ఇందులో అని అడిగాడు.

"నా నెత్తురున్నదన్నా," అన్నాను. "జర పైలంగ తీస్కపో."